వాళ్ళలాంటివాడు కాదు

ఆ వార్త మొదటిసారి చెవిన పడినప్పుడు ఫఖ్రీ రొట్టెముక్కను ఆలివ్ నూనెలో అద్దుకుంటున్నాడు.

"ఈ ఉదయం విభజన గోడ దగ్గర ఒక విధ్వంసకుణ్ణి నిర్వీర్యం చేశారు. మన బలగాలకు ఎలాంటి హానీ జరగలేదు" అంది హీబ్రూ రేడియో. తరువాత టెల్ అవీవ్ రహదారి మీద వాహనాల రద్దీ గురించి చెప్పింది. సాయంత్రం వాన పడవచ్చని కూడా చెప్పింది. వయసంతా గోడ అవతల యూదుల ఇళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని టైల్స్ పరిచిన పాలస్తీనా మేస్త్రి ఫఖ్రీ. మోకాళ్ళ నొప్పీ, వాళ్ళ భాషా రెండూ ఆ పనిలోనే ఒంటికి పట్టాయి. పని మానేశాక కూడా ఆ రెండూ అతన్ని వదలలేదు.

"ఏమంటోంది?" అంది భార్య నజ్మియ్యా, టీ గ్లాసు ముందు పెడుతూ.

"వాన పడుతుందట."

"వాళ్ళకా, మనకా?"

"వానకి పర్మిట్ అక్కర్లేదులే. గోడ దాటి వస్తుంది."

ఆమె నవ్వింది. అతను రొట్టె నోట్లో పెట్టుకున్నాడు. నిర్వీర్యం చేయడమన్నది బాంబులకు వాడవలసిన మాట. ఆ మాటను మనుషుల మీద వాడగా అతను ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. విని విని అది కూడా వాహనాల రద్దీలాగా, వానలాగా ఒక కబురైపోయింది. ఆ ఉదయం కూడా అతని చెయ్యి ఆగలేదు. ఆ తరువాత బతికినన్నాళ్ళూ అతన్ని కోసింది అదే. రేడియో తన కొడుకు చావు చెబుతుంటే తాను నూనె చాలదని గిన్నె వంచాడు.

టీ చల్లారకముందే ఫోన్ మోగింది. కొడుకు లబీబ్‌తో కలిసి నిచ్చెన వేసుకుని గోడ దాటబోయిన కుర్రాడు ముళ్ళపొదల్లోంచి మాట్లాడుతున్నాడు. గాజా యుద్ధం మొదలైన నాడే గోడ అవతల పనిచేసే పర్మిట్లన్నీ రద్దయ్యాయి. అప్పటినుంచీ పనికి పోవాలంటే గోడ దూకడమొక్కటే దారి. లబీబ్ చేతిలో తాపీ ఉంది. టైల్ కింద సిమెంటు గీతలు పడేలా పూయడానికి వాడే పళ్ళ తాపీ అది. ఆగమంటే ఆగాడు, చేతులెత్తమంటే ఎత్తాడు. ఎత్తిన చేతిలో ఎండ పడి తాపీ మెరిసింది.

పెద్దకొడుకు పేరు పెట్టి తండ్రిని పిలిచే ఊరది. ఓదార్చడానికి వచ్చినవాళ్ళంతా ఫఖ్రీని ఎప్పటిలాగే "అబూ లబీబ్", లబీబ్ తండ్రీ, అని పిలిచారు. పిలిచిన ప్రతిసారీ పుండు మీద కారం చల్లినట్లయింది.

శవాన్ని ఇవ్వలేదు. పదునైన ఆయుధంతో సైనికుల మీదికి వచ్చిన విధ్వంసకుడని రాసుకుని, ఎక్కడో ఒక శవాల గిడ్డంగిలో మంచులో పెట్టారు. మట్టి వేస్తే గాని సంతాపపు కాఫీ పొయ్యి మీదికి ఎక్కదని ఫఖ్రీ పట్టుబట్టాడు. ఇల్లు మనుషులతో నిండింది గాని, దుఃఖానికి తలుపు తెరిచినట్లు కాలేదు.

ఆ ఎదురుచూపు ఎలా చెయ్యాలో నేర్పడానికి పక్కవీధి నుంచి ఖుసయ్ తల్లి ఉమ్ ఖుసయ్ వచ్చింది. విధవరాలు. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఖుసయ్ కిందటి చలికాలంలో సైనిక జీపుల మీద రాళ్ళు విసురుతూ తూటాకు పడిపోయాడు. మీసం సరిగా మొలవని వయసు. వాడూ ఆ మంచులోనే ఉన్నాడు.

"మొదట్లో చలి గురించి ఆలోచిస్తావు నజ్మియ్యా" అంది ఆమె, ఎవరికో వంట చెప్పినట్లు. "దుప్పటి కప్పుకోబుద్ధి కాదు. తరువాత కప్పుకుంటావు. కప్పుకున్నందుకు సిగ్గేస్తుంది. ఆ సిగ్గు కూడా పోతుంది, అప్పుడు మరీ భయం వేస్తుంది."

"ఇక చాల్లే వదినా" అన్నాడు ఫఖ్రీ.

"చాలదు అబూ లబీబ్. నాకు ఎవరూ చెప్పలేదు గనక చెబుతున్నాను."

శవం ఇప్పించమని ఫఖ్రీ పట్టుకున్న వకీలు తిర్సా యూదు మహిళ. ఇలాంటి కేసులే వాదించి వాదించి స్వంతవాళ్ళ దగ్గర పరాయిదైపోయింది, పరాయివాళ్ళకూ స్వంతం కాలేదు. ఫోన్లో ఆమె ఉన్నదున్నట్లు చెప్పింది. "ఆయుధం కాదు, పనిముట్టు అని రుజువు చెయ్యాలి. మీరు చెబితే వినరు. మీ ఊరివాళ్ళు చెబితే అసలే వినరు. అతనికి పని ఇచ్చిన యజమాని వచ్చి చెప్పాలి. ఇంకొక మాట. ఊళ్ళో అతన్ని వీరుడంటూ ఒక్క పోస్టర్ కూడా అంటించనివ్వకండి. దాన్ని ఫోటో తీసి సైనికాధికారి ముందు పెడతారు. ఆపైన మన కాగితం ఎవరూ చదవరు."

పోస్టర్ అప్పటికే తయారైంది. దాన్ని తెచ్చినవాడు ధాఫిర్. పార్టీ మనిషి, మంచి మాటకారి, ఊళ్ళో ఎవరు చచ్చినా ముందుగా ప్రింటింగ్ ప్రెస్సుకు పరుగెత్తేవాడు. గుండ్రంగా చుట్టిన కాగితాన్ని విప్పి గర్వంగా చూపించాడు. వెనకాల జెరూసలేం బంగారు గోపురం, పైన పార్టీ గుర్తు, మధ్యలో లబీబ్. బంధువుల పెళ్ళిలో తీసిన ఫోటోలోంచి కోసిన ముఖమది. దాని కింద ఎవరిదో మొండెం, ఆ మొండెం చేతుల్లో తుపాకీ.

ఫఖ్రీ చాలాసేపు చూశాడు. "ఈ చేతులు ఎవరివి?"

"చేతులకేం అన్నా, ప్రెస్సువాడు అమర్చాడు."

"మావాడు పెళ్ళిలో టపాసు పేలిస్తే బల్ల కింద దూరేవాడు. నువ్వే కదా వాడి కాలు పట్టి ఇవతలికి లాగి ఊరంతా నవ్వించావు?"

"అప్పుడు నవ్వాం. ఇప్పుడు వాడు వీరుడు."

"వాడు మేస్త్రి."

"మేస్త్రి కోసం ఎవడు కదులుతాడు అబూ లబీబ్? వీరుడైతే ఊరు కదులుతుంది" అన్నాడు ధాఫిర్. అతని గొంతులో వెటకారం లేదు. నిజంగానే మేలు చేస్తున్నాననుకుంటున్నాడు. "లేకపోతే శవం కోసం వాళ్ళ కాళ్ళు పట్టుకుంటానంటావా? ఊరు ఏమనుకుంటుందో ఆలోచించావా?"

మర్నాడు రొట్టెల దుకాణం గోడ మీద ఆ పోస్టర్ వెలిసింది. ఫఖ్రీ తాపీ తెచ్చి, తడిపి, పాత టైల్ ఊడదీసినంత జాగ్రత్తగా దాన్ని గీకాడు. రొట్టెల కోసం నిలబడినవాళ్ళంతా చూస్తూనే ఉన్నారు. కన్నకొడుకు బొమ్మను తండ్రే గోడ మీంచి గీకేయడం ఆ ఊరు ఎన్నడూ ఎరగదు. వెనక నుంచి ఎవరో "థూ" అన్నారు. అది తన మీద పడిందో నేల మీద పడిందో అతను తిరిగి చూడలేదు. చివరికి గోడ మీద మిగిలింది కొడుకు నుదురు మాత్రమే. దాని మీదికి తాపీ ఆనించలేక వేళ్ళతో ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు.

ఇక మిగిలింది యజమాని. పేరు హెజ్కేల్. టెల్ అవీవ్ పక్కన హోలోన్‌లో ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు. బగ్దాద్ నుంచి వచ్చిన యూదుల బిడ్డ. కోపమొస్తే తిట్లన్నీ అరబ్బీలోనే తిడతాడు. అతని తండ్రి కాలం నుంచీ ఫఖ్రీ వాళ్ళ దగ్గర పనిచేశాడు, తరువాత లబీబ్ చేశాడు. ఒకే పళ్ళెంలో చెయ్యి పెట్టి తిన్నారు. హెజ్కేల్ కూతురి పెళ్ళికి ఫఖ్రీ రెండు డబ్బాల ఆలివ్ నూనె మోసుకెళ్ళాడు. ఉప్పు తిన్న మనిషి మాట తప్పడని ఫఖ్రీ నమ్మకం. ఇద్దరి మధ్య హత్య జరిగినా, ఒక పెద్దమనిషి లేచి "వీడికి నాది పూచీ" అంటే చాలు, ఆ కొండల్లో కత్తులు ఒరల్లోకి పోతాయి. ఆ లెక్క గోడకు అవతల కూడా చెల్లుతుందనుకోవడం అతని పొరపాటు. అలా పొరపడడానికి అతనికి ఒక జీవితకాలం పట్టింది.

"నా మీద కేసు పెడతారు" అన్నాడు హెజ్కేల్ ఫోన్లో, చాలాసేపు నీళ్ళు నమిలాక. "పర్మిట్ లేనివాణ్ణి పనిలో పెట్టుకున్నానని నేనే వెళ్ళి చెప్పనా?"

"వాడు నీ పనికే వస్తున్నాడు. నువ్వే పిలిచావు."

"పిలిచాను. కాదన్నానా? కానీ మా ఇంట్లో పరిస్థితి నీకు తెలుసుగా."

తెలుసు. యుద్ధం మొదలైన ఆ అక్టోబరు ఉదయం గాజా నుంచి వచ్చినవాళ్ళు సరిహద్దు ఊళ్ళో హెజ్కేల్ మేనల్లుణ్ణి ఇంట్లోనే చంపారు. ఆ వారమే ఫఖ్రీ ఫోన్ చేసి పరామర్శించబోయాడు. "హెజ్కేల్, నీ ఇంటి దుఃఖం..." అన్నంతవరకే అనగలిగాడు. అవతల ఫోన్ పెట్టేశారు.

"ఆ రోజు నువ్వు ఫోన్ చేశావు" అన్నాడు హెజ్కేల్ ఉన్నట్లుండి. "మీ వైపు నుంచి చేసినవాడివి నువ్వొక్కడివే. నేను పెట్టేశాను."

"నీ స్థానంలో ఉంటే నేనూ పెట్టేసేవాణ్ణి."

అవతల నుంచి అరబ్బీలో ఒక బూతు వినబడింది. అది ఎవరిని తిట్టాడో తెలియదు. "వస్తాను. కానీ నా నోటికి వచ్చినట్లే మాట్లాడతాను. ఆ వకీలమ్మ రాసిచ్చింది చదవను."

విచారణ గుట్ట మీది సైనిక శిబిరంలో, ఒక రేకుల గదిలో జరిగింది. అధికారి చిన్నవాడు, మర్యాదస్థుడు. ఫఖ్రీకి నీళ్ళు ఇవ్వమన్నాడు. అరబ్బీలోకి అనువదించడానికి ఒక సైనికుడు పక్కన కూర్చున్నాడు. ఫఖ్రీకి హీబ్రూ వచ్చా అని ఎవరూ అడగలేదు. తిర్సా కూడా చెప్పవద్దంది. భాష అర్థం కానివాడి మీద జాలి ఎక్కువగా ఉంటుందని ఆమె అనుభవం.

బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో తాపీ ఉంది. హెజ్కేల్ దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. "ఇది ఆయుధమా? దీంతో వెన్న కూడా కోసుకోలేరు సార్. మా సైటులో వంటిల్లు సగంలో ఆగింది. ఇప్పటికీ అలాగే ఉంది. ఆ మూల మీదుగా టైల్స్ తిప్పడం వాడొక్కడికే వచ్చు." చెబుతూ చేత్తో గాల్లోనే ఆ మూల తిప్పి చూపించాడు. అది నటన కాదు. తనను తాను కేసులో ఇరికించుకుంటున్నానని తెలిసి కూడా అన్నీ చెప్పాడు. ఎప్పటినుంచి పనిచేస్తున్నాడు, ఎవరు పిలిచారు, ఏ దారిన రమ్మన్నారు, అన్నీ. ఫఖ్రీ మనసులో అతని చేతులు ముద్దుపెట్టుకున్నాడు.

అంతలో అధికారి అడిగాడు. "అతను ఎలాంటి మనిషి అంటారు?"

"వాళ్ళలాంటివాడు కాదు సార్" అన్నాడు హెజ్కేల్ హీబ్రూలో. "వాళ్ళు జంతువులు. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు. నా మేనల్లుణ్ణి ఏం చేశారో నేను కళ్ళారా చూశాను. ఆ మిగతావాళ్ళందరినీ ఏం చేసినా, పిల్లాజెల్లాతో సహా తుడిచిపెట్టినా, నాకు హాయిగా నిద్ర పడుతుంది. వాళ్ళను మంచులో ఉంచుకోండి, కుక్కలకు వేసుకోండి, నేనడగను. కానీ వీడు వేరు. వీడు మనిషి."

అనువదించే సైనికుడు గొంతు సవరించుకున్నాడు. ఫఖ్రీ వైపు చూడకుండా అరబ్బీలో ఇలా అన్నాడు: "మీ అబ్బాయి చాలా మంచివాడని, మంచి పనివాడని సాక్షి చెబుతున్నాడు."

"సాక్షి చెప్పినదానితో తండ్రి ఏకీభవిస్తున్నాడా?" అన్నాడు అధికారి. కలం సిద్ధంగా పట్టుకున్నాడు.

సైనికుడు ఆ ప్రశ్నను అరబ్బీలో వేశాడు. తిర్సా తల వంచి తన వేలిగోళ్ళను చూసుకుంటోంది. ఫఖ్రీకి ఖుసయ్ కళ్ళముందు కదిలాడు. తన ఇంటి కప్పు మీద పావురాల్ని తోలుతూ ఈల వేసే ఖుసయ్. వాడు కూడా ఆ మంచులోనే, బహుశా లబీబ్ పక్క అరలోనే ఉన్నాడు. ఆపైన లబీబ్ చేతులు గుర్తొచ్చాయి. పోస్టర్ మీది చేతులు కావు, అసలు చేతులు.

"అవును" అన్నాడు ఫఖ్రీ.

అరబ్బీలోనే అన్నాడు. అరబ్బీలో అన్నాను గనక అనువాదకుడు చెప్పినంత మేరకే ఒప్పుకున్నట్లు అని తనకు తాను చెప్పుకున్నాడు. గది దాటి వాకిట్లోకి వచ్చేసరికే ఆ వంక పనికిరాకుండా పోయింది.

వాకిట్లో హెజ్కేల్ అతన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. "బాగా చెప్పానా?"

"బాగా చెప్పావు."

"మనసులో ఉన్నదే చెప్పాను అబూ లబీబ్."

"తెలుసు" అన్నాడు ఫఖ్రీ.

షరతుల మీద శవాన్ని ఇచ్చారు. జెండాలు ఉండకూడదు, పోస్టర్లు ఉండకూడదు, దగ్గరి బంధువులు తప్ప ఎవరూ రాకూడదు. చెక్‌పోస్టు దగ్గర అంబులెన్స్ తలుపు తీస్తే తెల్లటి ఆవిరి బయటికి వచ్చింది. కొడుకును ఒళ్ళోకి తీసుకోబోయిన నజ్మియ్యాకు ఒక రాతిపలక చేతికందినట్లయింది. ఆమె అతని వేళ్ళు విప్పబోయింది, విడలేదు. గోళ్ళలో తెల్ల సిమెంటు అలాగే ఉంది. కరిగేదాకా ఆగడానికి అనుమతి లేదు. అలాగే పూడ్చారు.

అప్పుడు ఫఖ్రీ ఇంట్లో కాఫీ పొయ్యి మీదికి ఎక్కింది. చక్కెర లేని కాఫీ. చిన్న పింగాణీ గిన్నెల్లో ఒక్కొక్క గుక్క పోసి, వచ్చినవాళ్ళందరికీ అందించారు. రొట్టెల దుకాణం దగ్గర ఉమ్మినవాడు కూడా వచ్చి తాగి వెళ్ళాడు. ధాఫిర్ మూల కూర్చుని, తిరస్కరించిన పోస్టర్ గురించి ఒక్క మాటా ఎత్తకుండా, అందరికీ ఖర్జూరాలు అందించాడు.

సంతాపం చివరి రోజు సాయంత్రం ఉమ్ ఖుసయ్ వచ్చింది. ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళకుండా నేరుగా మగవాళ్ళు కూర్చున్న పందిట్లోకి నడిచింది. ఆమె ఫఖ్రీ ఎదుటి కుర్చీలో కూర్చుని కాఫీ గిన్నె అందుకుంది.

"అబూ లబీబ్, నీ యూదుడు ఏం చెబితే వాళ్ళు శవాన్ని విడిచిపెట్టారు?"

"మంచివాడని చెప్పాడు."

"అంతేనా?"

"అంతే వదినా."

"మంచివాడంటే చాలా? ఇన్నాళ్ళూ ఆ మాట ఎవరూ నాతో అనలేదే!" ఆమె పందిరి చుట్టూ చూసింది. "అయితే నావాడూ మంచివాడే కదా. మీరంతా ఉన్నారుగా, చెప్పండి. నీ కప్పు మీద వాలిన పావురాలన్నీ వాడివే. రెట్టలేస్తున్నాయని నువ్వెన్ని తిట్లు తిట్టేవాడివి! వాడు ఒక్కసారైనా ఎదురు చెప్పాడా?"

"లేదు."

"మరి? ఫోన్ చెయ్యి."

"అతనికి ఖుసయ్ ఎవరో తెలియదు వదినా."

"నువ్వు చెబితే తెలుస్తుంది. మీవాడి గురించి మాత్రం పుట్టుకతో తెలుసా ఏం?" ఆమె ముందుకు వంగింది. "రాయి విసిరాడు, విసరలేదని నేననను. రాయి విసిరినవాడికి సమాధి ఉండకూడదా? నీకు వాళ్ళ భాష వచ్చు. నాకు రాదు. వస్తే నిన్ను అడిగేదాన్ని కాదు."

పందిట్లో అందరూ అతన్నే చూస్తున్నారు. కాదనడానికి అసలు కారణం అతనొక్కడికే తెలుసు. అది చెప్పాలంటే, ఆ రేకుల గదిలో తాను దేనికి అవునన్నాడో కూడా చెప్పాలి. ఫఖ్రీ ఫోన్ తీశాడు.

"ఏమైంది మళ్ళీ?" అన్నాడు హెజ్కేల్. వెనకాల టైల్స్ కోసే యంత్రం గీపెడుతోంది. వంటింటి మూల వేరే ఎవరో తిప్పుతున్నారన్నమాట.

ఫఖ్రీ హీబ్రూలో చెప్పాడు. పక్కవీధి కుర్రాడు, తల్లి ఒంటరిది, ఏడాది కావస్తోంది.

"ఏం చేశాడు?"

"రాళ్ళు."

"రాళ్ళు విసిరేవాడి కోసం నన్ను మళ్ళీ అక్కడికి రమ్మంటావా? నా మీద కేసు పెట్టారు, తెలుసా? మా ఆవిడ మాట్లాడడం మానేసింది."

"వాడు పిల్లవాడు హెజ్కేల్."

"మీ దగ్గర పిల్లలు ఉండరు. పుట్టడమే..." అంటూ అతను ఆగాడు. ఫోన్లో ఉన్నది ఎవరో గుర్తొచ్చినట్లుంది. "నీ మాట వేరనుకో."

ఉమ్ ఖుసయ్ ఫఖ్రీ పెదాలనే చూస్తోంది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. కొడుకు పేరు ఎప్పుడు వస్తుందా అని కాచుకుని ఉంది. పేరు వినబడినప్పుడల్లా, అవునన్నట్లు, చిన్నగా తల ఊపుతోంది. ఫఖ్రీ నోట్లో ఉన్న మాటలన్నీ అటూ ఇటూ వెతుక్కున్నాడు. అతనికి హీబ్రూలో వేల మాటలు వచ్చు. కానీ ఆ మనిషిని కదిలించగల మాట అతనెరిగింది ఒక్కటే. అది ఒకసారి పనిచేసింది కూడా.

"ఖుసయ్ వాళ్ళలాంటివాడు కాదు" అన్నాడు.

అవతల యంత్రం ఆగింది.

"అందరూ అదే అంటారు అబూ లబీబ్" అన్నాడు హెజ్కేల్, అలసటగా. కోపం కూడా లేదు. ఫోన్ పెట్టేశాడు.

"ఏమన్నాడు?" అంది ఉమ్ ఖుసయ్.

ఫఖ్రీ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఆలోచిస్తానన్నాడు."

"ఆలోచిస్తానన్నవాడు చేస్తాడు" అందామె. గిన్నెలో మిగిలిన చేదు గుక్కను ఒక్కసారిగా తాగేసింది. "అతని పిల్లల్ని అల్లా చల్లగా చూడాలి." లేచి, ముసుగును తల మీదికి లాక్కుని, గడప దగ్గర ఆగింది. "సమాధులు తవ్వేవాడితో ఒక మాట చెప్పు. మీవాడి పక్కన కాస్త చోటు ఖాళీగా ఉంచమని. నావాడికి చీకటంటే భయం, తెలిసినవాళ్ళ పక్కనైతే బాగుంటుంది."

"చెబుతాను" అన్నాడు ఫఖ్రీ.